అమ్మకం పన్ను మీద వెర్లీన్ పగ

అమ్మకం పన్ను పేరెత్తితే చాలు, వెర్లీన్ టాకెట్‌కు ఒళ్లు మండిపోయేది. టెనెసీలో జీతం మీద పన్ను లేదని అందరూ గొప్పలు చెప్పుకుంటారు గాని, ఆ లేని పన్నంతా దుకాణాల్లో గల్లాపెట్టె దగ్గర పీకుతారు. వందకు తొమ్మిది డాలర్ల డెబ్భై అయిదు సెంట్లు. సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా అంతే. ఆఖరికి రొట్టెల పిండి మీద కూడా ఎంతో కొంత వేయకుండా వదలరు. "ఆకలికి కూడా పన్నేంటి, వీళ్ల మొహాలు మండ!" అని రసీదు చూసుకున్నప్పుడల్లా ఆమె గొణుక్కునేది. ముప్పై ఏళ్లుగా గొణుగుతూనే ఉంది.

ఏటా జూలై చివర్లో మూడు రోజులు బట్టల మీద పన్ను ఎత్తేస్తారు. ఆ మూడు రోజుల్లోనే ఏడాదికి సరిపడా బట్టలన్నీ కొనేసేది. భర్త డోయల్ నవ్వేవాడు. "నా లాగూలకు కూడా ముహూర్తం ఉందిరా" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. ఆన్‌లైన్లో కొంటే పన్ను పడదని తెలిసి, యాభయ్యో ఏట కష్టపడి కంప్యూటర్ నేర్చుకుంది. నేర్చుకుని నాలుగేళ్లు సుఖపడిందో లేదో, ఆ సందు కూడా మూసేశారు. ఆ రోజు ఆమె అన్నం తినలేదంటే నమ్మండి.

అలాగని పిసినారి అనుకోకండి. కోకర్స్ గ్యాప్ ఊరి బడి వంటశాలలో ఇరవై రెండేళ్లుగా వండి పెడుతున్న చెయ్యి అది. ఊళ్లో ఎవరింట చావైనా ముందుగా వెళ్లే వంట గిన్నె ఆమెదే. ఇవ్వడం వేరు, జేబులో చెయ్యి పెట్టి లాక్కోవడం వేరు అనేది ఆమె వాదం. పైగా జన్మలో అప్పు చేసి ఎరగదు. కారు రొక్కం పెట్టి కొంది. వాళ్లుంటున్న పాత ట్రైలర్, అంటే లారీతో లాక్కొచ్చి నిలబెట్టిన రేకుల ఇల్లు, అదీ రొక్కమే. కింద స్థలానికి మాత్రం నెలనెలా అద్దె కట్టేది.

ఆ స్థలమే కొంప ముంచింది. యజమాని దాన్ని అమ్మేశాడు. అక్టోబరు ముప్పై ఒకటికల్లా అందరూ ఖాళీ చేయాలని ప్రతి తలుపుకూ కాగితం అంటించారు. ట్రైలర్ ముప్పై ఏళ్ల నాటిది, కదిలిస్తే కూలిపోతుంది. నిజానికి వెర్లీన్ అందుకు పెద్దగా ఏడవలేదు. ఆ ట్రైలర్‌కు నాలుగు చెక్క మెట్లున్నాయి. ఏడేళ్ల కిందట రంపపు మిల్లులో దుంగ జారి పడి డోయల్ నడుం విరిగాక, ఆ నాలుగు మెట్లే అతనికి జైలు గోడలయ్యాయి. వాలుబల్ల కట్టుకుందామంటే పక్క స్థలంలోకి వెళ్తుందని యజమాని ఒప్పుకోలేదు. ఆదివారం చర్చి నుంచి ఇద్దరు మగవాళ్లు వచ్చి, చక్రాల కుర్చీతో సహా ఎత్తి దించాలి. మిగతా ఆరు రోజులూ కిటికీయే దిక్కు.

అప్పుడు దొరికింది లంప్కిన్ గారి ఇల్లు. ముసలావిడ నాక్స్‌విల్‌లో వృద్ధుల వసతికి వెళ్లిపోతూ అమ్మకానికి పెట్టింది. రెండు గదుల ఇటుక ఇల్లు. చిన్నదే, కాని నేల మట్టానికి ఉంటుంది. ఒక్క మెట్టు లేదు. చూడటానికి వెళ్లిన రోజు డోయల్ ఎవరితోనూ మాట్లాడకుండా కుర్చీ చక్రాలు తనే తిప్పుకుంటూ వంటగదిలోంచి పెరట్లోకి వెళ్లిపోయాడు. అక్కడ ఓ పెకాన్ చెట్టు కింద గంటసేపు కూర్చున్నాడు. వెర్లీన్ వెనకాలే వెళ్లబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు లోపలుండవే. నేను బయట ఉంటా" అన్నాడు. "ఏడేళ్లలో నన్నెవరూ తొయ్యకుండా ఇంత దూరం రావడం ఇదే మొదలు తెలుసా?"

ఆ మాటతో ఆమె ఆ ఇల్లు కొనాలని నిశ్చయించుకుంది. కొనకపోతే ఇంక తన బతుకెందుకు అనుకుంది కూడా.

పల్లెల్లో ఉండేవాళ్లకు ముందుగా చేతిసొమ్ము పెట్టనక్కర్లేకుండా ఇచ్చే ఇంటి అప్పు ఒకటుంది. దానికి ఒకటే మెలిక: క్రెడిట్ స్కోరు ఆరువందల ఇరవైకి తగ్గకూడదు. ఈ దేశంలో అప్పులు చేసి తీర్చినవాడికి మంచి మార్కులు, అసలు అప్పే చేయనివాడికి అత్తెసరు మార్కులు. ఇదేం న్యాయమో, దీన్ని కనిపెట్టినవాడికే తెలియాలి. వెర్లీన్‌కు ఆరువందల ముప్పై ఒకటి వచ్చింది. గట్టెక్కింది.

అప్పు కాగితాలు చూసే బ్రెంట్ హాస్కిన్స్ ముప్పై ఏళ్ల కుర్రాడు, మంచివాడు. చిన్నప్పుడు ఆమె వడ్డించిన బీన్సు తిని పెరిగినవాడే. ఒక కాగితం ఆమె చేతిలో పెట్టాడు.

"అమ్మా, ఇది ఫ్రిజ్ తలుపుకి అంటించుకోండి. సంతకాలయ్యేదాకా ఉద్యోగం మారకూడదు, కారు కొనకూడదు, కొత్త క్రెడిట్ కార్డు తీసుకోకూడదు, ఎవరి అప్పుకీ హామీ ఉండకూడదు. తుమ్మాలన్నా నన్నడిగి తుమ్మండి."

"తుమ్ముకి కూడా పన్ను పెట్టారా ఏంటి నాయనా?" అంది వెర్లీన్. ఇద్దరూ నవ్వుకున్నారు.

కాగితం నిజంగానే ఫ్రిజ్‌కు అంటించింది. సెప్టెంబరు నెలాఖరుకు సంతకాలు అనుకున్నారు గాని ఇంటి కప్పు పరీక్ష ఆలస్యమై, లంప్కిన్ గారిని బతిమాలి అక్టోబరు ముప్పై ఒకటి దాకా గడువు పెంచుకున్నారు. అది శుక్రవారం. ట్రైలర్ ఖాళీ చేయాల్సింది కూడా అదే రోజు.

ఇక్కడ ఇంకో చిక్కు. లంప్కిన్ గారి ఫ్రిజ్, పొయ్యి, బట్టలుతికే యంత్రం మూడూ ఆవిడ కొడుకు రాడ్నీ పట్టుకుపోతున్నాడు. ట్రైలర్లో ఉన్నవి గోడలకు బిగించిన పాతవి, ఊడదీస్తే పనికిరావు. వెర్లీన్ దగ్గర మూడున్నర వేల డాలర్లు విడిగా దాచి ఉన్నాయి. అన్ని దుకాణాలూ గాలించింది. ఆన్‌లైన్లో ఒక పెద్ద దుకాణంలో మూడూ కలిపి మూడువేల నాలుగువందల ఇరవై. బాగానే ఉందనుకుని కింద చూస్తే, పన్ను మూడువందల ముప్పై మూడు డాలర్ల నలభై అయిదు సెంట్లు. ఆమె చెయ్యి ఆగిపోయింది.

మర్నాడు బడిలో భోజనాల వేళ అయ్యాక ఆ సంగతే తిట్టుకుంటూ పళ్లాలు కడుగుతోంది. పక్కన పనిచేసే జునెట్ తడిచేతులు తుడుచుకుని ఫోను తీసింది.

"అదే దుకాణమా? మా మరిది టీవీ అక్కడే కొన్నాడు వెర్లీనక్కా. వాళ్ల క్రెడిట్ కార్డు తీసుకుంటే పన్ను ఎంత పడుతుందో అంతా వాళ్లే తిరిగిచ్చేస్తారు. అక్కడికక్కడే."

"ఊరికేనా? ఊరికే ఎవడిస్తాడే, వాడేమన్నా మీ మేనమామా?"

"వడ్డీ మీద ఆశ. బిల్లు వచ్చాక మొత్తం కట్టకపోతే ముప్పై శాతం గుంజుతారు. కట్టేస్తే వాళ్ల నోట్లో మట్టే."

"నేను కట్టకుండా ఉంటానా!" అంది వెర్లీన్. ముప్పై ఏళ్ల పగ తీర్చుకునే దారి దొరికినట్టు ఆమె ముఖం వెలిగిపోయింది.

ఇంటికెళ్లాక ఫ్రిజ్ మీది కాగితం చూసింది. కొత్త కార్డు తీసుకోకూడదు అని నల్లటి అక్షరాల్లో ఉంది. చాలాసేపు చూసింది. కార్డు వద్దనడం అప్పు చేస్తారనే భయంతో కదా, నేను చేసేది అప్పు కాదే, డబ్బు బ్యాంకులోనే ఉంది, బిల్లు రాగానే కట్టేస్తా, దాన్ని అప్పని ఎవరంటారు, అని తనకు తానే నచ్చచెప్పుకుంది. హాస్కిన్స్‌కు ఫోను చేసి అడగొచ్చు. కాని అప్పటికే అతనికి పదకొండుసార్లు ఫోను చేసింది, ఇంకా విసిగించడం ఎందుకనుకుంది. నిజం చెప్పాలంటే అది సాకు. అడిగితే వద్దంటాడని ఆమెకు తెలుసు. అందుకే అడగలేదు.

డోయల్‌కు కూడా చెప్పలేదు. కొత్తింట్లో సామాన్లు దిగాక, "పన్ను ఒక్క సెంటు కట్టలేదయ్యా" అని చెప్పి అతని మొహం చూడాలనుకుంది. కార్డు రెండు నిమిషాల్లో వచ్చింది. సామాన్లు సంతకాల మర్నాడు దింపేట్టు చెప్పింది. మూడువందల ముప్పై మూడు డాలర్ల నలభై అయిదు సెంట్లు తెర మీద తిరిగి జమ అవడం చూసి ఆమె ఒక్కతే వంటగదిలో చప్పట్లు కొట్టుకుంది. పది రోజులకు బిల్లు వచ్చింది. వచ్చిన గంటలోనే మొత్తం కట్టేసింది.

సోమవారం, అంటే సంతకాలకు నాలుగు రోజుల ముందు, హాస్కిన్స్ బడికే ఫోను చేశాడు. వెర్లీన్ బీన్సు డబ్బాలు తెరుస్తోంది.

"అమ్మా, మీరీమధ్య కార్డేమన్నా తీసుకున్నారా?"

ఆమె డబ్బా తెరవడం ఆపింది. "తీసుకున్నా నాయనా. తీర్చేశా కూడా. సెంటుతో సహా. నేనెవరికీ బాకీ లేను."

"సంతకాల ముందు ఇంకోసారి స్కోరు చూస్తామమ్మా, అది పద్ధతి. ఇవాళ చూస్తే ఐదువందల తొంభై ఏడుంది."

"అదెట్లా? నేను కట్టేశానంటుంటే!"

"మీరు కట్టకముందే, బిల్లు వచ్చిన రోజున వాళ్లు లెక్క పంపేశారు. మూడున్నర వేలు వాడుకోమని ఇచ్చిన కార్డు, మూడువేల నాలుగువందల పైచిలుకు వాడేసినట్టుంది. తీసుకున్న వెంటనే అంచుదాకా వాడేస్తే, ఈ మనిషి మునిగిపోతోందని యంత్రం అనుకుంటుంది. మీరు కట్టిన సంగతి వచ్చే నెల గాని ఎక్కదు."

"మరి యంత్రానికి నువ్వు చెప్పు బాబూ. నేనేంటో నీకు తెలుసుగా."

"నాకు తెలుసమ్మా" అన్నాడు హాస్కిన్స్. "నాకు తెలిస్తే సరిపోదు. కార్డువాళ్ల దగ్గర్నుంచి బాకీ లేదని ఉత్తరం తెప్పించండి. దాంతో మళ్లీ లెక్క కట్టించొచ్చు. ఎంత తొందరగా తెస్తే అంత మంచిది. లేకపోతే లంప్కిన్ గారిని ఇంకో రెండు వారాలు ఆగమనండి. కాగితం మీద రాసిచ్చాను కదమ్మా. ఒక్క ఫోను చేసుంటే…"

మిగతాది అతను అనలేదు. ఆమెకు వినపడనూ లేదు. బీన్సు డబ్బా మూత అంచు వేలికి కోసుకుని నెత్తురు కారుతుంటే జునెట్ వచ్చి చెయ్యి పట్టుకునేదాకా ఆమెకు తెలియలేదు.

సామాన్ల గదిలో, పిండి బస్తాల మీద కూర్చుని కార్డువాళ్లకు ఫోను చేసింది. పాటలు వినిపించారు. మీ ఫోను మాకు ఎంతో ముఖ్యం అన్నారు. యాభై నిమిషాలకు ఒక అమ్మాయి పలికింది.

"మీ ఖాతాలో బాకీ సున్నా అండీ. చాలా సంతోషం."

"ఆ ముక్కే ఉత్తరం మీద రాసివ్వు తల్లీ. ఇవాళే కావాలి."

"తప్పకుండా అండీ. ఏడు నుంచి పది పనిదినాల్లో వస్తుంది."

"నాకు నాలుగే రోజులున్నాయి. శుక్రవారానికి లేకపోతే నా ఇల్లు పోతుంది. నా మొగుడు కుర్చీలో ఉంటాడమ్మా, మెట్లెక్కలేడు. నీకు దణ్ణం పెడతా, మీ పెద్దవాళ్లెవరికైనా ఇవ్వు ఫోను."

ఆ అమ్మాయి పెద్దవాళ్లకిచ్చింది. పెద్దవాళ్లు కూడా ఏడు నుంచి పది పనిదినాలే అన్నారు. ఆఖర్న ఇంకో మాటన్నారు: "మీరు ఇంత త్వరగా చెల్లించారు కాబట్టి, మీ మీద నమ్మకంతో మీ కార్డు పరిమితిని ఆరువేలకు పెంచుతున్నాం. ఇంకేమైనా సాయం కావాలా అండీ?"

పుండు మీద కారం చల్లడమంటే ఇదే. వెర్లీన్ ఫోను పెట్టేసింది.

పని దిగగానే నేరుగా లంప్కిన్ గారింటికి వెళ్లింది. ఇంటినిండా అట్టపెట్టెలే. ముసలావిడ వంటగదిలో గ్లాసులకు పాత పేపర్లు చుడుతోంది. రాడ్నీ గోడ మీది పటాలు దించుతున్నాడు. వెర్లీన్ దాచకుండా అంతా చెప్పింది. రెండు వారాలు, పద్నాలుగంటే పద్నాలుగే రోజులు ఆగమంది.

"నువ్వంటే నాకు ఇష్టమేనే వెర్లీన్" అంది లంప్కిన్ గారు. "మా మనవలు అడక్కుండానే రెండోసారి వడ్డించిన చెయ్యి నీది. మీ ఆయన పెరట్లో కూర్చోవడం కిటికీలోంచి చూశాను. ఆ రోజు నేనే ఏడ్చాను. కానీ శుక్రవారం సాయంత్రానికి డబ్బు కట్టకపోతే నా గది ఇంకొకరికి ఇచ్చేస్తారు. మళ్లీ దొరకాలంటే ఏడాది. నాకు ఎనభై ఆరు. ఏడాది ఎక్కడ తేను?"

"ఒకసారి గడువిచ్చాం కదండీ" అన్నాడు రాడ్నీ, పటం చేత్తో పట్టుకుని. అతను కటువుగా అనలేదు. "ఇళ్లు కొని అద్దెకిచ్చే కంపెనీవాడు రొక్కం పట్టుకుని నెల నుంచీ నా వెంట తిరుగుతున్నాడు. అమ్మ వద్దంది కాబట్టి ఆగాను. ఇంక నా చేతుల్లో లేదు."

తిట్టుకుందామన్నా అక్కడ దుర్మార్గుడెవడూ లేడు. అదే వెర్లీన్‌కు భరించరానిదైంది. ఎవరినో ఒకరిని శపిస్తే కాస్త ఊపిరాడేది. ముసలావిడ ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ట్రైలర్ మెట్లెక్కుతుంటే లోపల్నుంచి డోయల్ అరుపులు వినిపించాయి. హాస్కిన్స్ ఏవో కాగితాల కోసం ఇంటికి చేసినట్టున్నాడు, డోయల్ స్పీకర్లో పెట్టి దులిపేస్తున్నాడు.

"ఒరేయ్ బ్రెంటూ, నీకు బుద్ధుందా? మా వెర్లీను కార్డు తీసుకోడమేంట్రా? చూయింగ్ గమ్ముకి కూడా రొక్కం ఇచ్చే మనిషది! ఎవడో దొంగ వెధవ దాని పేరు పెట్టుకుని తీసుంటాడు. పోలీసులకి చెప్పు, నాకు చెప్తావేంటి? ముప్పై నాలుగేళ్ల కాపురంలో డబ్బు విషయంలో అది ఒక్క తప్పు చేసి ఎరగదు. బైబిలు మీద ప్రమాణం చేస్తా, ఇటు పట్రా!"

"డోయల్ గారూ, మీరు ఒకసారి వెర్లీన్ గారితో…"

"దానితో ఏంటి? నాతో మాట్లాడు!"

వెర్లీన్ గుమ్మంలో నిలబడిపోయింది. భర్త తన వైపు తిరిగి, చూశావా వీడి పొగరు అన్నట్టు తలూపాడు. అతని కళ్లలో ఎంత నమ్మకముందంటే, ఆ క్షణాన అబద్ధం ఆడెయ్యాలనిపించింది. అవును, ఎవరో దొంగే, అంటే చాలు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆమె వెళ్లి ఫోను కట్టేసింది.

"నేనేనయ్యా" అంది. "నేనే తీసుకున్నా."

"ఏం తీసుకున్నావ్?"

"కార్డు. ఫ్రిజ్జు, పొయ్యి, బట్టలుతికే మిషను కొన్నా. ఆ కార్డుతో కొంటే పన్ను తిరిగిచ్చేస్తారని. డబ్బు కట్టేశా. మొత్తం కట్టేశా. అయినా స్కోరు పడిపోయింది. లంప్కిన్ గారు ఆగలేనంది. ఇల్లు పోయిందయ్యా."

డోయల్ చాలాసేపు ఆమె వంక చూశాడు. కాగితం అంటించిన ఫ్రిజ్ వంకా చూశాడు. అరుస్తాడనుకుంది. అరిస్తే బాగుండుననుకుంది.

"ఎంత మిగిలింది?" అన్నాడు.

"ఏంటి?"

"పన్ను. ఎంత మిగిలిందే?"

"మూడొందల ముప్పై మూడు" అంది. ఇంకా నలభై అయిదు సెంట్లుందని గుర్తొచ్చింది గాని చెప్పలేదు.

అతను తలూపాడు. కుర్చీ తిప్పుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఆమె వెనకాలే వెళ్లి నేల మీద కూర్చుని అతని మోకాళ్ల మీద తల పెట్టింది. వాటిలో స్పర్శ లేదు. అయినా పెట్టింది.

"తిట్టవయ్యా నన్ను. నాలుగు తిట్టు. కొట్టినా పడతా."

"తిడితే ఇల్లొస్తుందా?" అన్నాడు డోయల్. "వచ్చేటట్టుంటే పొద్దుటిదాకా తిట్టేవాణ్ణి."

మంగళవారం, బుధవారం ఆమె ఊరంతా తిరిగింది. మెట్లు లేని అద్దె ఇల్లు ఒక్కటే దొరికింది. దాని యజమాని మూడు నెలల అద్దె ముందే అడిగాడు. ఉన్న డబ్బంతా ఆ ఫ్రిజ్జు, పొయ్యి, మిషను మింగేశాయి. వాటిని వద్దని చెప్తే, డబ్బు వెనక్కి రావడానికి మూడు వారాలు పడుతుందన్నారు. ఇచ్చిన పన్ను డబ్బు వెనక్కి తీసుకుంటామన్నారు. పైన రద్దు ఖర్చుల కింద నూటడెబ్భై పట్టుకుంటామన్నారు. వెర్లీన్ సరేనంది. అప్పటికి ఆమె దేనికైనా సరేనంటోంది.

చెల్లెలు ఇమోజీన్ పక్క జిల్లాలో మేడ మీద వాటాలో ఉంటుంది. వెర్లీన్‌కు అక్కడ సోఫా దొరికింది. డోయల్‌ను మేడెక్కించడం కుదరదు. ఈ సంగతి ఆమె నోటితో చెప్పేలోగా అతనే చెప్పాడు, గురువారం పొద్దున బిస్కెట్ రొట్టెలు గ్రేవీలో ముంచుకుంటూ, వాతావరణం గురించి మాట్లాడినట్టు.

"మేపుల్టన్‌లో సర్కారు డబ్బుతో ఉంచుకునే సంరక్షణ ఇల్లుందిగా. బ్రెంటు కనుక్కున్నాడు. మంచం ఖాళీ ఉందిట. నన్నక్కడ పడేసి నువ్వు ఇమోజీన్ దగ్గరుండు."

"కొన్నాళ్లే" అంది వెర్లీన్. "వచ్చే నెల స్కోరు మళ్లీ ఎక్కుతుంది. అప్పుడు ఇంకో ఇల్లు…"

"కొన్నాళ్లే" అన్నాడు డోయల్. ఆ లోపల, దెబ్బ తగిలాక అతనికొస్తున్న పింఛను మొత్తం సంరక్షణ ఇంటికే పోతుందని, ఆమె ఒక్కదాని జీతం మీద ఏ బ్యాంకూ ఇల్లు కొననివ్వదని ఇద్దరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

శుక్రవారం చర్చి నుంచి ఆ ఇద్దరే వచ్చి అతన్ని ఆఖరిసారి నాలుగు మెట్లూ దించారు. సంతకాలు చేయాల్సిన పదకొండు గంటలకు వెర్లీన్ నలభై మైళ్ల అవతల మేపుల్టన్‌లో వేరే సంతకాలు చేస్తోంది. గది శుభ్రంగానే ఉంది. ఇంకో మంచం మీద ఒక ముసలాయన టీవీ వైపు తిరిగి నిద్రపోతున్నాడు. ఆయా మంచిపిల్ల, నవ్వుతూ అన్నీ చూపించింది. ఇది స్నానాలగది, ఇది నొక్కితే మేం వస్తాం, భోజనం అయిదింటికి.

"బయటికెళ్లే తలుపెక్కడమ్మా?" అని అడిగాడు డోయల్.

"ముందు తలుపొకటే తాతా. దానికి అంకెలు నొక్కే తాళం ఉంటుంది. వెళ్లాలనిపిస్తే మాకు చెప్పు, ఖాళీ ఉన్నప్పుడు ఎవరో ఒకరం తోసుకెళ్తాం."

"నేనే తోసుకోగలను."

"ఒంటరిగా వెళ్లనివ్వరు తాతా. రూలు."

డోయల్ సరేనన్నాడు. వెర్లీన్ గోడ వైపు తిరిగి అతని చొక్కాలు అలమరలో సర్దింది. సర్దినవే మళ్లీ సర్దింది. జూలైలో పన్ను లేని రోజుల్లో కొన్నవి, ఇంకా ధర చీటీలు ఊడదీయనివి రెండున్నాయి. వాటిని అడుగున పెట్టేసింది. నేను చేశాను, నా చేతులారా చేశాను, ఈ చేతులతోనే ఆయన్ని తెచ్చి ఇక్కడ పెట్టాను అనుకుంది. చచ్చిపోతే బాగుండును అనిపించింది. కాని సోమవారం పొద్దున అయిదింటికి బడి పొయ్యి ముట్టించాలి.

వెళ్లే వేళయింది. వంగి అతని నుదుటి మీద ముద్దు పెట్టింది. అతను ఆమె చెయ్యి తీసుకుని, డబ్బా మూత కోసిన వేలు చూసి, కట్టు సరిగా లేదని విప్పి మళ్లీ కట్టాడు. నిదానంగా, నీటుగా కట్టాడు.

"ఆదివారం వస్తా. చర్చి అవగానే వస్తా" అంది.

"ప్రతి ఆదివారం ఎందుకే?" అన్నాడు డోయల్. "రానూపోనూ ఎనభై మైళ్లు. పెట్రోలు మీద కూడా పన్నుంటుంది కదా. నెలకోసారి రా. ఎంతో కొంత మిగులుతుంది."

అతని ముఖంలో కోపం లేదు. నవ్వు కూడా లేదు. ముప్పై నాలుగేళ్లుగా ఆ ముఖం చూస్తోంది, అది వెటకారమో, నిజంగా తన ఖర్చు గురించి బెంగో వెర్లీన్‌కు తెలియలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు. "సరేనయ్యా" అంది, ఆయా వచ్చి అంకెలు నొక్కి తలుపు తీసేదాకా నిలబడి, బయటికి వెళ్లిపోయింది.